వినపడని ప్రశ్నకు జవాబు

బేబీరాణికి ఎడమ చెవి అసలు పనిచేయదు. ఆరో ఏట వచ్చిన జ్వరం ఆ చెవిని పూర్తిగానూ, కుడి చెవిని సగానికి పైగానూ పట్టుకుపోయింది. కుడి చెవి వెనక మిషను పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడేవాళ్ల మాట చాలావరకు అందుతుంది. అందని ముక్కల్ని పెదాలు చూసి పూరించుకుంటుంది. ఇంట్లో తెలుగు, బయట హిందీ. రెండు భాషల పెదాలూ చిన్నప్పుడే చదవడం నేర్చుకుంది.

పెదాలు కూడా కనపడనప్పుడు ఆమెకు ఒక అలవాటు ఉంది. తలూపి "ఆఁ, సరే" అనేస్తుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు దాంతో గడిచిపోతుంది. మిగిలిన రెండుసార్లు ఎవరో నవ్వుతారు, లేదా విసుక్కుంటారు. ఇరవై ఏళ్లకు పైగా అలాగే నెట్టుకొచ్చింది.

తండ్రి జోగులుది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. పెళ్లయిన కొత్తలో భార్య కామమ్మను తీసుకుని అండమాన్ వచ్చి, డుంగీ అనే చిన్న పడవ మీద చేపల వేట చేసి, గరాచర్మలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. బేబీరాణి ప్లస్ టూ అయ్యాక అబర్డీన్ బజార్లో సత్యారావు జిరాక్స్ షాపులో చేరింది. టైపింగు, ఆన్‌లైన్ ఫారాలు, టికెట్లు, అన్నీ ఆమే చూసేది. ఆమె సంగతి తెలిసిన సత్యారావు ఏదైనా చెప్పాలంటే ముందు బల్ల మీద వేలితో కొట్టి, ఆమె తలెత్తాక మాట్లాడేవాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన ఆరోగ్యం పాడై షాపు మూసేసి, కూతురి దగ్గరికి వైజాగ్ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బేబీరాణి రెండు చోట్ల ఉద్యోగం అడగడానికి వెళ్లింది. ఒకటి హోటల్లో లెక్కలు రాసే పని, ఇంకొకటి ఒక ప్రైవేటు బడిలో క్లర్కు పని. రెండు చోట్లా కూర్చోగానే "నాకు వినికిడి తక్కువ" అని చెప్పి, సర్కారు ఇచ్చిన కార్డు చూపించింది. హోటల్లో అడుగుతున్న ఆవిడ ఆ క్షణం నుంచి గొంతు పెంచి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. బడిలో ఆయన కార్డు వెనక్కిచ్చి చాలా మర్యాదగా టీ తెప్పించాడు. ఇద్దరూ కబురు చేస్తామన్నారు. చేయలేదు.

మూడోది ఫెర్రీ కంపెనీ. హేవ్‌లాక్ దీవికి పెద్ద బోట్లు నడిపే ప్రైవేటు కంపెనీ అది. జెట్టీ మీద ప్రయాణికుల టికెట్లు చూసి బోటు ఎక్కించే మనిషి కావాలని ప్రకటన వేశారు. బయలుదేరే ముందు కామమ్మ కూతురి జుట్టు చెవుల మీదికి దింపి పిన్నులు పెట్టింది. తర్వాత ఆమె గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"ఈసారి ఆ కార్డు తియ్యకు. ఆలు అడిగితే సెప్పు. అడక్కపోతే మనమెందుకు సెప్పాల?"

"తర్వాత తెలిస్తేనో?"

"తెలిసేలోపు నీ పని ఆలకి తెలుద్ది గదా."

గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న జోగులు తలెత్తి చూశాడు. "జెట్టీ మీద పనంటే మాట ఇనాలి గదే" అన్నాడు. ఆ మాట బేబీరాణికి సరిగ్గా అందింది. అందనట్టు చెప్పులు వేసుకుని బస్సెక్కేసింది.

ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. పేరు, చదువు, భాషలు, అనుభవం గబగబా రాసింది. కిందినుంచి మూడో గడిలో, ఏదైనా వైకల్యం గాని, దీర్ఘకాలపు జబ్బు గాని ఉందా, ఉంది, లేదు, అని ఉంది. దాని దగ్గర పెన్ను ఆగింది. ఎటూ టిక్ పెట్టకుండా వదిలేసి, కింద సంతకం చేసింది.

మేనేజరు రామ్‌ప్రసాద్ నలభై ఐదేళ్ల మనిషి. కిటికీకి వీపు పెట్టి కూర్చోవడంతో ముఖమంతా నీడలో ఉంది. పైగా నోట్లో వక్కపలుకులు. బేబీరాణి ఎండ కళ్లలో పడుతోందని చెప్పి కుర్చీ పక్కకు జరుపుకుంది. అప్పుడు పెదాలు కొంచెం కనిపించాయి. ఏ పని చేశావు, తెలుగు, హిందీ కాక బెంగాలీ వచ్చా, పొద్దున్నే ఆరుకు రాగలవా అని హిందీలో అడిగాడు. అన్నింటికీ చక్కగా జవాబు చెప్పింది.

చివర్లో ఆయన ఫారం దగ్గరికి లాక్కుని, తల వంచి చదువుతూ ఏదో అడిగాడు. ఏసీ మోతలో ఆమెకు అందింది చివరి ముక్క ఒక్కటే. "...హై క్యా?" అంటే ఏదో ఉందా అని. లేదు కదా అన్నట్టు ఆయన తల అడ్డంగా కొంచెం ఊగింది.

"నహీఁ సర్" అంది.

రామ్‌ప్రసాద్ పెన్ను తీసి కిందినుంచి మూడో గడిలో, లేదు అన్న చోట టిక్ పెట్టాడు. అప్పుడు గాని తాను దేనికి జవాబు చెప్పిందో ఆమెకు తెలియలేదు. ఆయన పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. హోటల్లో ఆవిడ గొంతు, బడిలో ఇచ్చిన టీ గుర్తొచ్చాయి. ఆయన ఫారం మడిచి ఫైల్లో పెట్టేదాకా ఆమె నోరు తెరవలేదు.

"మండే సే ఆ జావో" అన్నాడు.

సోమవారం నుంచి జెట్టీ మీద పని మొదలైంది. నీలం టీషర్టు, మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ. టికెట్లు చూడటం ఆమెకు చిటికెలో పని. కష్టమల్లా వాకీటాకీతోనే. దాన్ని చెవికి ఆనిస్తే మిషను కీచుమంటుంది. నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుంటే గరగరల మధ్య మాటలు ముక్కలుగా వస్తాయి. పెదాలు చూద్దామంటే కెప్టెన్ పైన అద్దాల గదిలో ఉంటాడు.

రెండో రోజుకే ఒక ఉపాయం పట్టింది. కెప్టెన్ రోజూ ఒకే వరసలో మాట్లాడతాడు. మొదట ప్రయాణికులందరూ ఎక్కారా అని అడుగుతాడు. తర్వాత గ్యాంగ్‌వే తీసేశారా అంటాడు. గ్యాంగ్‌వే అంటే జెట్టీకీ బోటుకీ మధ్య వేసే ఇనుప పలక. చివరికి మోకులు విప్పమంటాడు. మాట అందకపోయినా ఎన్నోసారి అడుగుతున్నాడో లెక్కపెట్టుకుంటే చాలు. రెండు రోజులు ఆ లెక్కతోనే నడిపింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దవడలు నొప్పిపుట్టేవి. పగలంతా పళ్లు బిగబట్టే ఉండేదని అప్పుడు తెలిసేది.

మోకుల పని లక్ష్ముడిది. యాభై దాటిన మనిషి, జోగులు ఊరివైపు వాడే. గ్యాంగ్‌వే దగ్గర దారి ఖాళీ అయితే చెయ్యి పైకెత్తేవాడు, కాకపోతే రెండు చేతులూ తలమీద అడ్డంగా పెట్టేవాడు. వేటకు పోయేవాళ్ల సైగలే అవి. అతని సైగ చూసుకుని ఆమె వాకీటాకీలో కెప్టెన్‌కు చెప్పాలి.

గురువారం పొద్దున్నుంచి ముసురు పట్టింది. బోటు ఆలస్యంగా వచ్చింది. తడిసిన జనం తోసుకుంటూ ఎక్కారు. బేబీరాణి చివరి టికెట్టు చూసి జాబితాలో గీత పెట్టింది. ఇంజను మోత పెరిగింది. వాకీటాకీ గరగరమంది. ఆమె దాన్ని కుడి చెవి వైపు ఎత్తి, కళ్లు మూసుకున్నంత పనిచేసి, విందామని ప్రయత్నించింది. ఏమీ అర్థం కాలేదు. ఇది మొదటిసారి అడగడం. అంటే అందరూ ఎక్కారా అనే. జాబితా పూర్తయింది కదా.

"ఓకే సర్" అంది.

ఆలస్యమైందని ఆ రోజు కెప్టెన్ మొదటి ప్రశ్న అడగనే లేదు. నేరుగా గ్యాంగ్‌వే తీశారా అన్నాడు.

మోకులు విప్పకముందే బోటు కదిలింది. ఆమె తల తిప్పేసరికి ఇనుప పలక ఒక కొస నీళ్ల వైపు జారుతోంది, దాని మీద కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కమ్మీ పట్టుకుని వంగిపోయి ఉంది. లక్ష్ముడు మోకుల దగ్గర్నుంచి, రెండంగల్లో వెళ్లి ఆవిడ జబ్బ పట్టుకుని జెట్టీ మీదికి లాగాడు. ఇద్దరూ తడి సిమెంటు మీద పడ్డారు. వెనకే గ్యాంగ్‌వే నీళ్లలో పడింది. బోటు ఆగింది. పెద్దావిడ మోకాలు గీరుకుపోయింది, ఒక చెప్పు సముద్రంలో పోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఆవిడ ఏడవకుండా లక్ష్ముడి చొక్కా గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పన్నెండు గంటలకు రామ్‌ప్రసాద్ బేబీరాణిని, లక్ష్ముణ్ణి లోపలికి పిలిచాడు. వక్కపలుకులు లేవు, ముఖం వెలుగులో ఉంది. ఆయన చెప్పిన ప్రతి మాటా బేబీరాణికి స్పష్టంగా తెలిసింది.

"జెట్టీ నుంచి ఓకే వచ్చిందని కెప్టెన్ అంటున్నాడు. ఈ అమ్మాయి వచ్చి నాలుగు రోజులే. నువ్వు సైగ చేస్తేనే చెబుతుంది. లక్ష్ముడూ, గ్యాంగ్‌వే మీద మనిషుండగా చెయ్యెలా ఎత్తావు?"

"నేను ఎత్తలేదు సాబ్" అన్నాడు లక్ష్ముడు.

"వయసైపోయింది, చూపు సరిగా ఆనడం లేదేమో. పైవాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి." రామ్‌ప్రసాద్ బేబీరాణి వైపు తిరిగాడు. "నువ్వేం చూశావో రాసి నాలుగింటికి నాకివ్వు. దాన్నిబట్టి ఇతన్ని ఉంచాలో పంపాలో చూస్తాను."

బయట రేకుల షెడ్డు కింద లక్ష్ముడు తడి బట్టలతోనే కూర్చున్నాడు. బేబీరాణి అతని ఎదురుగా నిలబడింది. అతనే మొదలుపెట్టాడు, ఆమె ముఖంలోకి చూస్తూ, నిదానంగా.

"రెండు సేతులూ అడ్డం పెట్టాను తల్లీ. నువ్వు నా వైపు సూళ్లేదు. ఆ డబ్బా వైపే సూత్తన్నావు."

ఆ నిదానం ఆమె గుర్తుపట్టింది. సత్యారావు అలాగే మాట్లాడేవాడు.

"నీకు తెలుసా బాబాయ్?"

"మొదటి రోజే తెల్సింది. ఎనక నుంచి పిలిత్తే పలకలేదు. మా అక్క కూడా ఇంతే."

"మరి లోపల సెప్పలేదేం?"

"అది నీ మాట. నేను సెప్తే సాడీ అవుద్ది." మోకాలి మీది మట్టి తుడుచుకున్నాడు. "అసలు ఆ ఇంజను మోతలో ఎవుడికి ఇనపడుద్ది గనక? నేను ముప్పై ఏళ్లుగా సేతులు సూసే పన్జేత్తన్నాను. నువ్వూ నా సెయ్యి సూసుంటే సరిపోను."

అతను కోపంగా అని ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

షెడ్డు చివరికి వెళ్లి తల్లికి వీడియో కాల్ చేసింది. పెదాలు కనపడతాయి కాబట్టి ఆమె అలాగే మాట్లాడుతుంది. జరిగిందంతా చెప్పింది.

"ముసల్దానికి ఏం కాలేదు గదా?"

"కాలేదు."

"అయితే ఇను. ఆడు మోకులు తెలిసినోడు. ఇంకో బోటు దొరుకుద్ది. నీకు ఇంకోటి దొరకదు. ఏడాదిగా సూత్తన్నాం గదా. ఏటీ సూళ్లేదని రాసియ్యి. అబద్దం గాదు. నువ్వు నిజంగా సూళ్లేదు గదా."

నిజమే, అబద్ధం కాదు. బేబీరాణిని భయపెట్టింది అదే. ఇంటర్వ్యూ రోజున కూడా ఆమె అబద్ధం చెప్పలేదు. అడిగింది వినపడక జవాబు చెప్పింది, తర్వాత ఊరుకుంది. ఇప్పుడు కూడా ఊరుకుంటే చాలు. ఈసారి దాని బరువు మాత్రం వేరేవాడి నెత్తిన పడుతుంది.

"ఏడాదిగా నాతో పాటు నువ్వూ పడ్డావమ్మా, తెలుసు" అంది. ఫోను పెట్టేసింది.

రెండున్నర అయింది. కాగితం ముందు పెట్టుకుంది. తెలుగు మాట్లాడటమే గాని రాయడం ఆమెకు అంతంతమాత్రం, అందుకని హిందీలో మొదలుపెట్టింది. మొదటి కాగితం మీద "నేను ఆ సమయంలో గ్యాంగ్‌వే వైపు చూడలేదు" అని రాసింది. ఆ ఒక్క వాక్యం దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుంది. మధ్యలో ఇంకో బోటు వచ్చింది. లక్ష్ముడు లేచి వెళ్లి మోకు అందుకున్నాడు. పొద్దున లాగిన కుడి జబ్బ నొప్పి చేసిందేమో, ఎడమ చేత్తో లాగుతున్నాడు. బేబీరాణి కాగితం నలిపి బ్యాగులో వేసుకుని, ఇంకొకటి తీసింది.

నాలుగుకు పది నిమిషాలుండగా రామ్‌ప్రసాద్ గదిలోకి వెళ్లింది. వెళ్లేముందు జుట్టు వెనక్కి తీసి రబ్బరు బ్యాండు పెట్టుకుంది. వాకీటాకీ బల్ల మీద పెట్టి, దాని పక్కన కాగితం, దాని మీద కార్డు పెట్టింది. ఆయన ముందు కార్డు చూశాడు, తర్వాత ఆమె చెవి చూశాడు, ఆ తర్వాతే కాగితం చదివాడు.

"నేను నిన్ను అడిగాను. నువ్వు లేదన్నావు."

"మీరు అడిగింది వినపడలేదు సర్. వినపడలేదని చెప్పలేదు. మీరు టిక్ పెట్టడం చూసి కూడా ఊరుకున్నాను. ఇవాళ కూడా కెప్టెన్ అడిగింది వినపడలేదు. లక్ష్ముడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నేను అటు చూడలేదు. తప్పు నాది."

"ఆవిడ నీళ్లలో పడి ఉంటే?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

ఆయన కాగితం రెండోసారి చదివాడు. "పోలీసుల దాకా వెళ్లదు. ఆవిడ కొడుకు ఏమీ వద్దన్నాడు. రేపటి నుంచి నువ్వు రావద్దు. లక్ష్ముణ్ణి ఉంచుతాను."

"సర్, ఒక మాట. మొదటి రోజే చెప్పి ఉంటే ఈ ఉద్యోగం ఇచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ణి కాదు." తడుముకోకుండా అన్నాడు.

"టికెట్ కౌంటర్లో అయినా?"

"తెలీదు. ఎవరూ నన్ను అలా అడగలేదు" అన్నాడు.

ఇంటికి వెళ్లాక కామమ్మ మూడు రోజులు కూతురితో సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా ముఖం అటు తిప్పుకునేది. పెదాలు కనపడకుండా చేస్తే ఏమీ అననట్టేనని ఆమెకు తెలుసు. జోగులు మాత్రం ఆ సాయంత్రం కూతురి పక్కన కూర్చుని, లక్ష్ముడు తన పినతల్లి ఊరివాడే అయి ఉంటాడంటూ, అతని ఇంటిపేరు ఏమిటని వివరంగా అడిగాడు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు.

నెల తర్వాత మిడిల్ పాయింట్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు మనిషి కావాలని తెలిసింది. బేబీరాణి అర్జీలో పేరు కింద మొదటి వాక్యంగా ఇలా రాసింది: "నాకు వినికిడి తక్కువ. ఎదురుగా మాట్లాడితే వినగలను. ఫోను ఎత్తలేను." పంపే ముందు ఆ చివరి వాక్యాన్ని మూడుసార్లు చెరిపి, మూడుసార్లు మళ్లీ రాసింది.

పిలుపు వచ్చింది. యజమాని శ్రీలక్ష్మి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. మొహమాటం లేని మనిషి.

"దేఖో, నా దగ్గర ఉండేదే ఇద్దరు. ఒకరు ఫోను ఎత్తకపోతే రెండో మనిషి మీద పడుద్ది. నిన్ను తీసుకుంటే ఆ రెండో పిల్ల శ్రావణి ఏం చెయ్యాలి?"

"ఫోను నేను ఎత్తలేను దీదీ. మిగతావన్నీ చేస్తాను. బుకింగులు, మెయిళ్లు, బిల్లులు. తొమ్మిదేళ్లు చేశాను."

"ఫెర్రీ కంపెనీలో ఎందుకు మానేశావు?"

అర్జీలో ఆ నాలుగు రోజుల సంగతి ఆమె రాయలేదు. ఊళ్లో ఎవరి ద్వారానో ఈవిడకు చేరింది. అది ఎంతవరకు చేరిందో శ్రీలక్ష్మి ముఖంలో ఏమీ తెలియలేదు.

"మానెయ్యలేదు. తీసేశారు" అని, గ్యాంగ్‌వే సంగతి, ఫారంలో టిక్ సంగతి, దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ శ్రీలక్ష్మి కళ్లే చూసింది. అవి ఒక్కసారి కూడా కిందికి వాలలేదు.

శ్రీలక్ష్మి లేచి, గది తలుపు తీసి శ్రావణిని పిలిచింది. పాతికేళ్ల పిల్ల, చెవికి ఫోను ఆనించుకునే వచ్చింది. "ఈవిడకి ఫోను వినపడదు. నీకు ఓకేనా? సచ్ బోల్, నిజం చెప్పు. తర్వాత నా దగ్గర గొడవ పెట్టకు."

శ్రావణి బేబీరాణిని పైనుంచి కిందికి చూసింది. ఆ కొద్దిసేపట్లో బేబీరాణి గరాచర్మ బస్సు ఎన్నింటికో కూడా లెక్కేసుకుంది.

"మెయిళ్లు, బిల్లులు మొత్తం ఆవిడ చూస్తే నేను ఫోన్లు చూస్తా" అంది శ్రావణి చివరికి. "ఆధా ఆధా, సగం సగం అంటే మాత్రం కాదు."

"మూడు నెలలు చూస్తాను" అంది శ్రీలక్ష్మి. "పనికి రాకపోతే ముఖం మీదే చెబుతా."

ఆ మూడు నెలలు గడిచి ఇప్పటికి ఏడాదిన్నర. అన్నీ సాఫీగా లేవు. శ్రావణి సెలవు పెట్టిన రోజు శ్రీలక్ష్మి బయట పనిలో ఉంటే, ఆఫీసు ఫోను వెలిగి ఆరుతుంటే బేబీరాణి చూస్తూ కూర్చోవాలి. అలాంటి రోజున వచ్చిన ప్రతి నంబరుకూ "నాకు ఫోనులో వినపడదు, మెసేజ్ పెట్టండి, ఇప్పుడే జవాబిస్తాను" అని పంపుతుంది. మొదట్లో కొందరు ఆ మెసేజ్ చూసి వేరే ఆఫీసుకు పోయారు. శ్రీలక్ష్మి అది ముఖం మీదే చెప్పింది. ఎక్కువమంది మాత్రం హేవ్‌లాక్‌కు ఎన్ని టికెట్లు, ఏ తారీఖు అని రాసి పంపుతారు. బేబీరాణి చూసి టికెట్లు పంపుతుంది.